వెర్నా లేని అధ్యాయం

డెలానీ భోజనాల హాల్లోకి వచ్చేసరికి కిటికీ పక్క బల్ల దగ్గర వెర్నా స్టకీ ఒక్కతే కూర్చుని ఉంది. గుజ్జు బంగాళాదుంపల మీద పోసిన కోడి నూడుల్సుని చెంచాతో పళ్ళెం ఈ అంచు నుంచి ఆ అంచుకి తోస్తోంది గాని నోట్లో పెట్టుకోవడం లేదు. మిగతా కుర్చీలు బల్ల కిందికి నెట్టేసి ఉన్నాయి. హాలంతా గోల. వినపడనివాళ్ళ పెద్ద పెద్ద గొంతులు, చెంచాల చప్పుళ్ళు, మూలనెవరికో పుట్టినరోజు పాట.

"మీవాళ్ళేరి, మిసెస్ స్టకీ?" అంది డెలానీ తడికోటు విప్పుకుంటూ.

వెర్నా చెంచాతోనే హాలు అవతలి చివరని చూపించింది. అక్కడ ఓపల్ రెన్‌ష్, ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు ముసలమ్మలు వీళ్ళకి వీపులు పెట్టి కూర్చుని ఉన్నారు. ఈ మేపుల్ రిడ్జ్ వృద్ధాశ్రమంలో చేరిన దగ్గర్నుంచీ నలుగురూ ఒకే బల్ల. భోజనమవగానే పేకలు తీసేవాళ్ళు.

"అక్కడ గాలి బాగా తగుల్తుందిట," అంది వెర్నా.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఊరి లైబ్రరీలో మాట్లాడావు చూడు. ఆ మర్నాటి నుంచి."

డెలానీ కోటు చేతిలోనే ఉండిపోయింది. చరిత్ర విభాగంలో ఆఖరి ఏడాది చదివేవాళ్ళు తమ థీసిస్ గురించి ఊరివాళ్ళకి చెప్పే సాయంత్రం అది. బిస్కెట్లు, కాఫీ, మడత కుర్చీలు. డెబ్భై ఏళ్ళ కిందట ఈ బార్లో మిల్స్ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి కుటుంబాన్ని, గేథర్ల కుటుంబాన్ని, ఒక ఆదివారం పట్టపగలు ఎలా వెళ్ళగొట్టారో డెలానీ చెప్పింది. సాక్షి పేరు చెప్పలేదు. ఆ విషయంలో ఎంతో జాగ్రత్తపడ్డాననుకుంది. "ఆనాడు ఎదురింట్లో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె కిటికీలోంచి చూసింది, ఆవిడ ఇవాళ్టికీ మన మధ్యే ఉంది" అని మాత్రమే అంది. ఆ ఎదురిల్లు ఎవరిదో, ఆ ఇంటి పిల్ల ఎవరో తెలియనివాడు ఆ ఊళ్ళో లేడని అప్పుడు తట్టలేదు.

"నేను మీ పేరు..."

"పేరెందుకు తల్లీ? మా ఇంటి పెంకుల రంగు చెప్పినా చాలు." వెర్నా చెంచా కింద పెట్టింది. "చర్చి ఆడవాళ్ళు ఆదివారం పూలు తెచ్చి అందరి గదుల్లో పెడతారు. నా గది దాటుకుని వెళ్ళారు. పూలు లేకపోతే చచ్చిపోను. కానీ ఓపల్... అది నాకు ఆరేళ్ళప్పట్నుంచి తెలుసు. నిన్న లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. అంకెలకేసి చూస్తూ నిలబడింది."

డెలానీ సంచిలో మూడో అధ్యాయం ఉంది. వెర్నా చెప్పిందంతా తప్పుల్లేకుండా రాశానో లేదో చదివి వినిపించడానికి తెచ్చింది. సంచి మీద చేయి వేసి, తీసేసింది.

"దాన్ని తీసెయ్యమ్మా," అంది వెర్నా. "నేను చెప్పిందంతా."

"మిసెస్ స్టకీ, ఇంకెవరూ లేరు. మీరొక్కరే చూశారు. మీ మాట తీసేస్తే గేథర్లు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారనే ఊరి మాటే మిగులుతుంది."

"తెలుసు. ఆ సంగతి తెలిసే కదా చెప్పాను." వెర్నా కళ్ళు ఎర్రబడ్డాయి గాని నీళ్ళు రాలేదు. "నువ్వు మే నెలలో పట్టా పుచ్చుకుని టోపీ ఎగరేసి వెళ్ళిపోతావు. నేనిక్కడే ఉండాలి, ఇక్కడే పోవాలి. పోయేలోగా రోజుకి మూడుసార్లు ఈ హాల్లోకి వచ్చి తినాలి. తీసెయ్ తల్లీ. నేను నీకేమీ చెప్పలేదనుకో."

ఎవరో వచ్చి పళ్ళెం తీసుకుపోయారు. తినలేదేమని అడగలేదు.

*

ప్రొఫెసర్ సోరెన్సన్ గదిలో ఎప్పుడూ ఒక కుర్చీ మీదే పుస్తకాలుండవు. ఆ కుర్చీ విద్యార్థులది. డెలానీ చెప్పిందంతా విని, ఆవిడ కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో చాలాసేపు తుడిచింది.

"టేపు మీద ఒప్పుకుందిగా, వాడుకోమని?"

"ఒప్పుకున్నారు."

"నియమం ప్రకారం నువ్వు వాడుకోవచ్చు. నీ థీసిస్ చూసే కమిటీలో ఎవరూ వేలెత్తి చూపరు."

"వాడమంటారా?"

"వాడమనీ అనను, వద్దనీ అనను. నేను చెబితే అది నా థీసిస్సవుతుంది." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని డెలానీని చూసింది. దువ్వని జుట్టు, నలిగిన కాలరు. "ఒక మాట మాత్రం చెబుతాను, నా తప్పు కూడా ఉంది కాబట్టి. ఆ ప్రసంగం నేను ముందే చూశాను. ఎదురిల్లు అన్న మాట నాకూ అడ్డు తగల్లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ నేనూ ఈ కాలేజీ కొండ మీదే ఉన్నానన్నమాట, కింద ఊళ్ళో కాదు."

"వేరే సాక్ష్యం దొరికితే?"

"దొరికితే ఇంకేం. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా దొరకాలి. ఆ గడువు నా చేతిలో లేదు, రిజిస్ట్రారుది. థీసిస్ అందకపోతే మేలో డిగ్రీ లేదు."

"ఆవిడ లేకుండా ఇస్తే?"

ప్రొఫెసర్ వేళ్ళ మీద అధ్యాయాలు లెక్కపెట్టింది. "మొదటి రెండు అధ్యాయాలూ ఇలాంటిది ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో జరిగేదని చెబుతాయి. నాలుగోది ఈ ఊళ్ళో జరిగాక ఏమైందో చెబుతుంది. మధ్యలో జరిగిందన్న రుజువే ఉండదు. పాస్ చేస్తారేమో. నేను కమిటీలో ఉన్నాను కాబట్టి జాలిపడి చేస్తారు."

డెలానీ మెట్లు దిగుతుంటే నాన్న ఫోను. ఆయన దక్షిణాన కొండల్లో గ్యాసు లారీ నడుపుతాడు. ఎక్కడో ఆపుకుని చేస్తున్నట్టున్నాడు, ఇంజిను కొట్టుకుంటోంది.

"ఏమే ప్రొఫెసరమ్మా, సెలవు పెట్టేశాను. నాయనమ్మ కొత్త చెప్పులు కొనుక్కుంది. పట్టా పుచ్చుకునేటప్పుడు నీ పేరు సరిగ్గా పలుకుతారా లేకపోతే నేను కేక వెయ్యనా?"

"పలుకుతార్లే నాన్నా."

"గొంతు అలా ఉందేం?"

"జలుబు."

"చచ్చినవాళ్ళతో తిరిగితే జలుబు కాక ఏం చేస్తుంది? వేడిగా ఏమన్నా తాగు. అయినా ఆ చచ్చినవాళ్ళు రేపు నీకు ఉద్యోగం ఇస్తారేమో కనుక్కున్నావా?"

ఆయన నవ్వాడు. ఆ హాస్యం నాలుగేళ్ళుగా ఆడుతున్నదే. డెలానీ కూడా ఎప్పుడూ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. ఆయన "సరే, లోడు దింపాలి" అని పెట్టేశాడు.

*

తర్వాత రెండు రోజులూ ఆమె లైబ్రరీ నేలమాళిగలోనే ఉంది. పాత పత్రికల ఫిల్ము చుట్టలు తొడిగి, పిడి తిప్పుతూ, మసక అద్దం మీద వారాలకి వారాలు దొర్లించింది. ఇదివరకు చూసినవే. అయినా ఇంకేదో తప్పిపోయి ఉంటుందని మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరింటికి ఏ చుట్టం వచ్చాడు, ఎవరి ఆవు ప్రైజు కొట్టింది, చర్చిలో ఎవరు పాడారు. ఆ మధ్యలో ఒకే ఒక్క వాక్యం: గేథర్ కుటుంబం డేటన్‌కి మకాం మార్చింది. దాని పైన గుడ్ల ధర. కింద ఒక పెళ్ళి. ఫిల్ము తిరిగి తిరిగి ఆమెకి కళ్ళు తిరగసాగాయి. పిడి వదిలేసి బల్ల మీద నుదురు ఆనించింది. బల్ల చల్లగా ఉంది.

గేథర్ల పిల్ల ఒడెస్సా పోయి పదేళ్ళయింది. డేటన్‌లో ఉన్న ఆవిడ మనవరాలి నంబరు డెలానీ దగ్గరుంది. రెండుసార్లు సందేశం వదిలినా జవాబు లేదు. గురువారం పొద్దున మూడోసారి చేసింది. ఈసారి ఎత్తారు.

డెలానీ గబగబా చెప్పుకుంది. అవతల ఆమె అంతా విన్నది. చాలా మర్యాదగా ఉంది గొంతు.

"మా అమ్మమ్మ ఆ ఊరి పేరు ఇంట్లో ఎత్తనిచ్చేది కాదమ్మా. ఆ దారినున్న పెద్ద రోడ్డు మీద కూడా మేము వెళ్ళేవాళ్ళం కాదు, చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. ఎందుకని అడిగితే లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేది. అంచేత నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నీకు కావలసింది వెళ్ళగొట్టినవాళ్ళ పిల్లల దగ్గరుంటుంది. వాళ్ళనడుగు."

"అడిగానండీ. వాళ్ళు..."

"వాళ్ళకి కష్టంగా ఉందా?" అంది ఆమె. కోపం లేదు అందులో. "సరే. మంచిది. నీ పేరేమిటన్నావు?"

డెలానీ చెప్పింది. ఫోను పెట్టేసిన చప్పుడు కూడా మెత్తగానే వినిపించింది.

ఆ మధ్యాహ్నం డెలానీ థీసిస్ తెరిచి మూడో అధ్యాయంలో వెర్నాని తీసెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా చెరిపెయ్యలేక వాక్యం వాక్యం తీసింది. 'వాకిట్లో కార్లు ఆగాయి' పోయింది. 'టోపీలు తియ్యలేదు, ఆడమనిషి ఎదురుగా నిలబడి కూడా' పోయింది. 'చొక్కాలు ఆదివారంవే, చర్చి నుంచి తిన్నగా వచ్చారు' పోయింది. వాక్యం పోయినప్పుడల్లా పేజీ అడుగున సాక్ష్యం చూపే చిన్న అక్షరాల గమనిక కూడా పోయేది. మిగిలిన గమనికల అంకెలు వాటంతటవే సర్దుకునేవి, అక్కడెప్పుడూ ఏమీ లేనట్టు. చివరికి అధ్యాయం ఒకటిన్నర పేజీ అయింది. 'వెళ్ళిపోయి ఉండవచ్చు', 'బహుశా', 'చెప్పలేము'. చదువుకుంది. ఊరి పెద్దలు డబ్బిచ్చి రాయించుకున్నా ఇంతకన్నా బాగా రాదనిపించింది. ఫైలు మూసి కోటు తొడుక్కుంది.

*

తీసేశానని చెప్పడానికి ఆ సాయంత్రమే మేపుల్ రిడ్జ్‌కి వెళ్ళింది. ఆ ఒక్క మంచి మాటైనా వెర్నా చెవిన వెయ్యాలి కదా. దారి పొడుగునా కరిగిన మంచు బురద. గది తలుపు మూసి ఉంది. కొట్టబోతుంటే వెనకనుంచి కర్ర టకటకలాడింది.

"ఏయ్, కాలేజీ పిల్లా."

ఓపల్ రెన్‌ష్. పొట్టి మనిషి, పెదవులకి ఎర్ర రంగు, నడక బండి తోసుకుంటూ వచ్చి చేతికర్రతో దాని హ్యాండిలుని కొడుతోంది.

"ఇంకా ఏం మిగిలిందని వచ్చావు? దాని నోట్లో మిగిలిన పళ్ళు కూడా పీక్కుపోతావా?"

డెలానీ ఒక అడుగు వెనక్కి వేసింది. "లేదండీ. తీసేశాను. ఆవిడ చెప్పిందంతా తీసేశాను. ఇంక ఎక్కడా ఉండదు. మీరు... మీరు ఆవిడతో కలిసి భోంచెయ్యొచ్చు."

ఓపల్ కర్ర ఆగింది.

"ఏమిటి తీసేశావు?"

"అంతా."

"అడిగిందా తీసెయ్యమని?"

"అడిగారు. మీరంతా లేచి వెళ్ళిపోయారని."

"వాళ్ళ సంగతి నాకు తెలీదు. వాళ్ళిద్దరూ గొర్రెలు, నేనెటు పోతే అటొస్తాయి." ఓపల్ ఒక అడుగు దగ్గరికొచ్చింది. మందుల వాసన, పౌడరు వాసన. "ఊరి పరువు తీసిందని లేచాననుకున్నావా నేను? ఊరి పరువు! మా నాన్న ఈ ఊరి కానిస్టేబులు. ఆ పరువు ఎంత చక్కనిదో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఆ లైబ్రరీలో నువ్వేమన్నావు? ఎదురింట్లో ఒక పిల్ల చూసింది అన్నావు. ఒక పిల్ల!"

"ఆవిడ అలాగే చెప్పారండీ. ఒక్కదాన్నే కిటికీ దగ్గరున్నానని."

"అదీ!" ఓపల్ గొంతు కీచుమంది. "ఆ కిటికీ దగ్గర ఇద్దరున్నారు. ఒకే కుర్చీ ఎక్కి నిలబడ్డాం. పడిపోకుండా నా నడుం పట్టుకుంది అది. కింద గేథర్ల వాకిట్లో ఉన్నది మా నాన్న. డెబ్భై ఏళ్ళు ఒక్క మాట అనుకోలేదు మేము. నా పెళ్ళిలో నా పక్కన నిలబడింది, మా ఆయన్ని పూడ్చేటప్పుడు నిలబడింది, ఒక్క మాట లేదు. చెబితే నాకు చెప్పాలి ముందు. నీకెవత్తెకో చెప్పింది. చెప్పి, నన్ను తీసేసింది. నేనక్కడ లేనే లేనట్టు."

ఓపల్ నడక బండిని తిప్పి, దాంతోనే తలుపుని గుద్దింది.

"వెర్నీ! తియ్యి!"

తలుపు సగం తెరుచుకుంది. వెర్నా రాత్రి గౌనులో ఉంది, జుట్టు విప్పుకుని. ఇద్దర్నీ చూసి వెనక్కి తగ్గింది. ఓపల్ బండి తోసుకుంటూ లోపలికెళ్ళి ఉన్న ఒక్క కుర్చీలో కూలబడింది.

"నన్నెందుకే తీసేశావు?"

వెర్నా మంచం అంచు మీద కూర్చుంది. "మీ నాన్న ఉన్నాడు కదే."

"ఉన్నాడు."

"ఆ పిల్ల కానిస్టేబులు గురించి అడుగుతుందని. నిన్నడగడానికి వస్తుందని. నీ ఆరోగ్యం..."

"నా ఆరోగ్యం నిన్నడిగిందా? నా మొగుణ్ణి కూడా నిన్ను చూసుకున్నంతగా చూసుకోలేదు నేను. ఆ చివర కూర్చుని తిరిగి తిరిగి నిన్నే చూస్తున్నాను రోజూ. నువ్వు లేచి వచ్చి 'ఓపల్, నిన్నెందుకు తీసేశానంటే' అంటావని. నువ్వేమో నూడుల్సుతో ఆడుకుంటావు."

"నువ్వు లిఫ్టులో అంకెలు చూశావు."

"నువ్వూ అంకెలే చూశావు."

డెలానీ తలుపు దగ్గరే నిలబడింది. ఫోను జేబులో ఉంది. బయటికి తియ్యాలనీ తియ్యకూడదనీ చెయ్యి జేబులోనే చెమటపట్టింది.

ఓపల్ ఆమెకేసి చూడకుండానే అడిగింది. "ఒడెస్సా వాళ్ళమ్మ ఉత్త చేతులతో వచ్చిందని రాశావా?"

"ఆవిడ పిల్లని ఎత్తుకుని వచ్చిందని..."

"తప్పు. ఒడెస్సా తన కాళ్ళ మీద తనే నడిచింది, తొమ్మిదేళ్ళ గాడిద, ఎత్తుకుంటారా? వాళ్ళమ్మ బేసిను ఎత్తుకుంది. పొంగడానికి పెట్టిన రొట్టెపిండి, పైన గుడ్డ కప్పి. మా నాన్న దాన్ని కింద పెట్టమన్నాడు. ఆవిడ పెట్టలేదు. కారెక్కి ఒళ్ళో పెట్టుకుంది. కారు తిరిగేటప్పుడు కూడా గుడ్డ సర్దుతోంది."

వెర్నా నోరు తెరిచింది. ఆమె చెయ్యి నెమ్మదిగా పైకి లేచి గొంతు దగ్గర ఆగింది.

"గళ్ళ గుడ్డ," అంది.

"కాదు, తెల్లది."

"గళ్ళదే. నీలం గళ్ళు. నేనది ఎలా మర్చిపోయాను, ఓపల్? ఇన్నేళ్ళూ పిల్లనెత్తుకుందనే..." అప్పుడొచ్చాయి ఆమెకి కన్నీళ్ళు, ముక్కు కారుతూ, చిన్నపిల్లలా. ఓపల్ కుర్చీలోంచి లేవలేక చేయి చాచింది. అందలేదు. డెలానీ వెళ్ళి నడక బండిని పక్కకి జరిపింది. అప్పుడందింది.

కాసేపయ్యాక డెలానీ జేబులోంచి ఫోను తీసి చూపించింది. రికార్డు చెయ్యనా అన్నట్టు చూసింది.

"ఇవాళ కాదు," అంది వెర్నా. "ఇవాళ దీంతో నాకు పోట్లాట ఉంది. ఆ తర్వాత చెబుతాం. ఇద్దరం. మా పేర్లతో."

"వాళ్ళు ఇంక ఎవరూ మీ బల్ల దగ్గరికి రాకపోవచ్చు. ఇద్దరినీ వెలేస్తారేమో," అంది డెలానీ.

"వెయ్యనీ," అంది ఓపల్. కానీ అన్నాక కిటికీకేసి చూసింది. భయపడని మనిషి చూపు కాదది.

*

శుక్రవారం మధ్యాహ్నం గడువుకి డెలానీ ఏమీ ఇవ్వలేదు. ఒకటిన్నర పేజీ అధ్యాయం ఉన్న థీసిస్ సంచిలోనే ఉంది. ప్రొఫెసర్ సోరెన్సన్ విషయమంతా విని, రిజిస్ట్రారుకి వెళ్ళాల్సిన కాగితంలో 'అసంపూర్తి' అన్న చోట టిక్కు పెట్టింది. టిక్కు పెట్టాక కలం మూత చాలాసేపు దొరకలేదు ఆవిడకి.

"డేటన్ ఆవిడకి చెప్పు," అంది. "వాళ్ళనడుగు అందిగా. అడిగావని చెప్పు. వినాలో వద్దో ఆవిడిష్టం."

"పట్టా డిసెంబరుకి వస్తుందా?"

"రావచ్చు. పై చదువుకి నీకిచ్చిన సీటు మాత్రం వాళ్ళు అప్పటిదాకా ఉంచరు. నేను రాస్తాను, కానీ ఉంచరు."

డెలానీ తలూపింది. బయట గడ్డి మీద తోటి విద్యార్థులు గౌన్ల కొలతలు చూసుకుంటూ ఒకళ్ళ టోపీ ఒకళ్ళు లాక్కుంటున్నారు. వాళ్ళని దాటుకుని కొండ దిగే దారిలో సగం దాకా వెళ్ళి, రాతి గోడ మీద కూర్చుని నాన్నకి ఫోను చేసింది. జలుబు కాదని చెప్పింది. మేలో తన పేరు ఎవరూ పిలవరని చెప్పింది. ఎందుకో చెప్పడానికి చాలాసేపు పట్టింది. గళ్ళ గుడ్డ దగ్గరకొచ్చేసరికి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

అవతల ఇంజిను ఆపేసిన చప్పుడయింది. ఆయన ఇంక ఏ హాస్యమూ ఆడలేదు.

"నాయనమ్మకి నేను చెప్తాలే," అన్నాడు చివరికి. "చెప్పులు పాడవవు. ఆ ముసలమ్మలకి ఎన్నేళ్ళు?"

"ఎనభైకి దగ్గర పడ్డాయి, ఇద్దరికీ. ఒకావిడకి గుండె బాగాలేదు."

"ఎప్పుడు చెబుతామన్నారు?"

"ఇవాళ. మధ్యాహ్నం భోజనాలయ్యాక."

"మరి అక్కడ కూర్చుని నాతో ఏం మాట్లాడుతున్నావే?" అన్నాడు నాన్న. "వెళ్ళు."